నలభై దరఖాస్తులు చదివాక నా నమ్మకం కదిలింది. ఇప్పుడు దేన్ని నమ్మాలి?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ఉద్యోగాల కోసం వచ్చే దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్ తయారుచేసే టీమ్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ప్రతి దరఖాస్తుకూ మా ప్రోగ్రామ్ ఒక స్కోర్ ఇస్తుంది. స్కోర్ తక్కువైతే ఆ దరఖాస్తు మనిషి కంటపడకుండానే పక్కకు పోతుంది. మెషీన్‌కు ముఖం చూసి బొట్టు పెట్టడం తెలియదు, అందర్నీ ఒకే కొలతతో కొలుస్తుంది అని ఎవరు అడిగినా గట్టిగా వాదించేదాన్ని. రెండు నెలల కిందట వేరే పనిమీద, రిజెక్ట్ అయిన 40 దరఖాస్తులు కూర్చుని చదివాను. అందులో 11 మందికి చదువు, అనుభవం అన్నీ సరిగ్గా ఉన్నాయి. మధ్యలో ఏడాదో రెండేళ్లో ఉద్యోగం లేని గ్యాప్ మాత్రం అందరికీ ఉంది. ఎక్కువమంది ఆడవాళ్లే. నా పక్క సీటు అమ్మాయి విడిగా ఇంకో 40 తీసి చూస్తే అక్కడా దాదాపు అంతే. టీమ్ లీడ్‌తో చెబితే, 'నిన్నటిదాకా దీన్ని వెనకేసుకొచ్చింది నువ్వే కదా, నలభై కాగితాలు చూసి మొత్తం తప్పంటావా?' అన్నారు. ఇంట్లో మా అన్నయ్య 'నువ్వు గోడమీద పిల్లివి, నిలకడ లేదు' అన్నాడు. నా టెన్షన్ ఇంకోటి. నాలుగేళ్లు అంత గట్టిగా నమ్మింది తప్పయితే, ఇవాళ నమ్ముతున్నది రేపు తప్పు కాదని ఏముంది? అందర్నీ ఒకేలా కొలవడం సమానత్వం కాకపోతే మరి ఏది సమానత్వం? ఏదీ ఖచ్చితంగా తెలియనప్పుడు నోరు మూసుకుని ఉండటమే మంచిదా? — ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ టీమ్ లీడ్ గారి ప్రశ్న తీసుకుందాం. నలభై కాగితాలు చూసి మొత్తం తప్పంటావా? ఆయన ఎత్తిపొడుపుగా అని ఉండొచ్చు గానీ, ప్రశ్న మంచిదే. దానికి లెక్క కూడా ఉంది. థామస్ బేయస్ అనే ఆంగ్ల మతబోధకుడు 1761లో చనిపోయాక, ఆయన కాగితాల్లో దొరికిన ఒక వ్యాసాన్ని స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ 1763లో అచ్చు వేయించాడు. కొత్త సంగతి తెలిసినప్పుడు పాత నమ్మకాన్ని ఎంత జరపాలి అన్నదానికి ఈనాటికీ వాడే పద్ధతి అక్కడినుంచే వచ్చింది. పెన్ను, కాగితం తీసుకుని నాతోపాటు వేయండి.

ఆ దరఖాస్తులు చదవకముందు, మీ ప్రోగ్రామ్ గ్యాప్ ఉన్నవాళ్లకు అన్యాయం చేయదని మీకు నూటికి 90 పాళ్లు నమ్మకం అనుకుందాం. చేస్తుందేమోనన్న అనుమానం 10 పాళ్లు. ప్రోగ్రామ్ సరిగ్గానే ఉంటే, ఏదో పనిమీద తీసిన 40లో అలాంటివి 11 తగలడం పదిసార్లలో ఒక్కసారి జరగొచ్చు అనుకోండి. ప్రోగ్రామ్‌లోనే తేడా ఉంటే పదిసార్లలో ఆరుసార్లు జరగొచ్చు. ఈ అంకెలు నేను ఊహించి వేసినవి, మీ డేటా చూసి మీవి పెట్టుకోండి. ఇప్పుడు 90లో పదోవంతు 9. పదిలో ఆరు పదోవంతులు 6. రెండూ కలిపితే 15. అందులో 6 అంటే నూటికి 40. మీ అనుమానం 10 నుంచి 40కి ఎక్కింది. పాత నమ్మకం ఇంకా 60 దగ్గర ఉంది, అంటే పైచేయి దానిదే. కాబట్టి మొదటి 40 చదివిన రోజున మీరు 'మొత్తం తప్పు' అని ఉంటే అది తొందరపాటే అయ్యేది. 'ఏమీ లేదు' అన్నా పొరపాటే.

తర్వాత మీ పక్క సీటు అమ్మాయి చూసిన నలభై. ఈసారి 60 దగ్గర మొదలుపెట్టాలి. అందులో పదోవంతు 6. నలభైలో ఆరు పదోవంతులు 24. మొత్తం 30లో 24, అంటే నూటికి 80. రెండే రెండు అడుగుల్లో 10 కాస్తా 80 అయింది. మీకు జరిగింది ఇదే. ఒక్క రాత్రిలో మనసు మార్చుకున్నట్టు బయటివాళ్లకు కనిపించింది గానీ, మీరు రెండుసార్లు ఆగి, రెండుసార్లు చూసి జరిగారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ అమ్మాయి మీరు చదివిన ఆ నలభైనే మళ్లీ చదివి ఉంటే రెండో అడుగు చెల్లదు. ఒకే కబురు పదిమంది నోట విన్నంత మాత్రాన అది పది సాక్ష్యాలు కాదు. మనలో చాలామంది నమ్మకాలు బలపడేది ఇలాగే, ఒకే మాట చుట్టూ తిరిగి మళ్లీ మనదగ్గరికే వస్తుంటుంది. ఆమె ఆ నలభైని ఎలా తీసిందో అడగండి. గ్యాప్ ఉన్నవాటినే ఏరి తీస్తే లెక్క మారిపోతుంది.

మీ అన్నయ్యగారి మాటకు వస్తే, గోడమీద పిల్లి ఎటు లాభముంటే అటు దూకుతుంది. మీరు దూకిన వైపు మీకు లాభం ఏముంది? లీడ్ దగ్గర మాట పడ్డారు, నాలుగేళ్లు చెప్పుకున్న మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని కూర్చునేవాళ్లకు ఈ బాధ ఉండదు. అన్నయ్యకు నచ్చజెప్పాలని పట్టుదలకు పోకండి. ఒకసారి పైన వేసిన లెక్క కాగితం ముందు పెట్టి, 'అన్నయ్యా, నువ్వైతే ఏ అంకె వేస్తావు?' అని అడగండి. ఆయన వేసే అంకె మీదికంటే తక్కువే కావచ్చు, ఫరవాలేదు. అంకె వేయడం మొదలుపెట్టిన మనిషితో మాట్లాడటం తేలిక.

ఇప్పుడు మిమ్మల్ని అసలు నిద్రపోనివ్వని ప్రశ్న. నిన్నటిది తప్పయితే ఇవాళ్టిదీ తప్పు కావచ్చు కదా.

కావచ్చు. అది దాచను. కానీ 'కావచ్చు' అన్నమాట ఒక్కో నమ్మకం దగ్గర ఒక్కో బరువు తూగుతుంది. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయశాస్త్రం (చట్టాల శాస్త్రం కాదు) చెప్పిన 16 పదార్థాల్లో, అంటే విచారించాల్సిన అంశాల్లో, సంశయం మూడోది. దానికి పాతకాలం నుంచీ చెప్పే ఉదాహరణ ఒకటుంది. మునిమాపు వేళ దూరంగా నిలువుగా ఏదో కనిపిస్తుంది. అది మోడా, మనిషా? రెండింటికీ ఉండే ఎత్తు కనిపిస్తోంది, ఒక్కదానికే ఉండే గుర్తు ఇంకా కనిపించలేదు. చేతులు కదిలాయా, కొమ్మ ఉందా, అది తేలలేదు. సంశయమంటే ఇంత నిర్దిష్టమైనది. ఏ రెండింటి మధ్య ఊగుతున్నామో, ఏ గుర్తు కనిపిస్తే తేలుతుందో తెలిసి ఉండాలి. 'ఏమో, అన్నీ తప్పేనేమో' అన్నది ఈ లెక్కన సంశయం కిందికే రాదు, అది దిగులు. ఆ వరసలో సంశయం వెంటనే నాలుగోదిగా ప్రయోజనాన్ని పెట్టారు. ఎందుకు తెలుసుకోవాలి, తెలుసుకుని ఏం చేయాలి అన్నది లేకపోతే విచారణ ముందుకు నడవదు. తొమ్మిదోది నిర్ణయం. ఈ వరసను నేను చాలాసార్లు తలుచుకుంటాను, ముఖ్యంగా దేన్నో పట్టుకుని రాత్రంతా అటూ ఇటూ దొర్లిన రోజుల్లో.

మీ సంశయాన్ని ఆ పద్ధతిలో రాయండి. 'మెషీన్ నిష్పక్షమా కాదా' అని రాయకండి, అది మరీ పెద్దది. 'మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు, గ్యాప్ ఒక్కదానివల్ల స్కోర్ పడిపోతోందా?' అని రాయండి. దీన్ని తేల్చే గుర్తు మీ చేతిలోనే ఉంది. ఆ 11 దరఖాస్తుల కాపీలు తీసి, గ్యాప్ పూడ్చి మళ్లీ స్కోర్ వేయించండి. మిగతా ఏ అక్షరమూ ముట్టుకోవద్దు. స్కోర్ లేస్తే తేలినట్టే. లేవకపోతే మీ 80 మళ్లీ కిందికి దిగాలి, దించడానికి మీరు సిద్ధంగా ఉండాలి.

మిగిలిన నమ్మకాల సంగతంటారా? ఆస్ట్రియా తత్త్వవేత్త ఓట్టో నాయ్‌రాట్ మన జ్ఞానాన్ని నడిసముద్రంలో ఉన్న ఓడతో పోల్చాడు. ఒడ్డుకు చేర్చి, పూర్తిగా విప్పి, కొత్తగా కట్టుకునే వీలు ఎన్నడూ రాదు. ఒక పలక మార్చాలంటే మిగతా పలకల మీద నిలబడే మార్చాలి. మీరు చేసింది అదే. మీ ప్రోగ్రామ్ మీద నమ్మకం అనే పలక ఊడదీశారు. అప్పుడు మీరు దేనిమీద నిలబడ్డారో చూడండి. కళ్లతో చదివింది నమ్మదగ్గదే అన్న నమ్మకం మీద, అర్హత ఉన్నవాళ్లను తోసేయకూడదన్న నమ్మకం మీద. అవి కదిలి ఉంటే ఆ 11 దరఖాస్తులు మిమ్మల్ని అసలు బాధపెట్టేవే కావు.

మీ పాత నమ్మకాన్ని మరీ చిన్నబుచ్చుకోకండి కూడా. దాని వెనక ఒక నిజముంది. నేను చాలా ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దాను. పక్షపాతం లేకుండా దిద్దుతానని నాకు గట్టి నమ్మకం. ఒక ఏడాది, అప్పటికే దిద్దిన 20 పేపర్లకు మార్కులు కనిపించకుండా కాగితం అంటించి, రెండు వారాలు ఆగి మళ్లీ దిద్దాను. ఏడింటికి మార్కులు చెప్పుకోదగ్గంత మారాయి. వాటిని బల్లమీద వరసగా పెట్టి చూస్తే, మొదటిసారి ఎక్కువ వేసినవాటిలో ఐదు ముత్యాల్లాంటి దస్తూరి. ఆ రోజు నాకు చేతులు చల్లబడ్డాయి. అంతకుముందు నా చేతిమీదుగా వెళ్లిన వందల పేపర్ల పిల్లలు గుర్తొచ్చారు. మనిషి కన్ను అంత నిక్కచ్చిగా ఉండదు కాబట్టే మెషీన్ మీద మీకు ఆశ కలిగింది. ఆ ఆశ తప్పు కాదు. ఒక్క మాట మాత్రం జారింది. మెషీన్‌కు ముఖం కనిపించకపోవచ్చు, కానీ దానికి నేర్పిన పాత నిర్ణయాలన్నీ ముఖాలు చూసి తీసుకున్నవే.

పైగా ముఖం చూసే మెషీన్లు కూడా ఉన్నాయి. 2018లో జాయ్ బువోలంవీని, టిమ్‌నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు, ఫొటో చూసి ఆడో మగో చెప్పే మూడు ప్రోగ్రాములను పరీక్షించారు. తెల్లని చర్మం ఉన్న మగవాళ్ల విషయంలో తప్పులు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లని చర్మం ఉన్న ఆడవాళ్ల దగ్గర ఒక ప్రోగ్రామ్ తప్పులు 34.7 శాతం దాకా వెళ్లాయి. సగటు చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి. సగటు అన్న దుప్పటి కింద ఎవరు ఉన్నారో విడివిడిగా చూస్తేగానీ తెలియదు.

ఇక సమానత్వం. మీ మూడు ప్రశ్నల్లో కష్టమైంది ఇదే, అందుకే ఇంకోసారి పెన్ను తీయమంటున్నాను.

రెండు గుంపులు, ఒక్కోదానిలో 100 మంది అనుకోండి. మొదటి గుంపులో పనికి తగినవాళ్లు 50 మంది, రెండోదానిలో 32 మంది. మీ ప్రోగ్రామ్ చాలా నిజాయితీగా పనిచేస్తుంది అనుకుందాం. అది 'సరే' అన్నవాళ్లలో ఏ గుంపులోనైనా నూటికి 80 మంది నిజంగానే తగినవాళ్లు. 'వద్దు' అన్నవాళ్లలో ఏ గుంపులోనైనా నూటికి 80 మంది నిజంగానే తగనివాళ్లు. ఒకే కొలత, అందరికీ ఒకే అర్థం. మీరు నాలుగేళ్లు వాదించింది దీనికోసమే.

ఇప్పుడు లెక్క చూడండి. మొదటి గుంపులో 50 మందికి 'సరే' వస్తుంది, వాళ్లలో 40 మంది తగినవాళ్లు. 'వద్దు' అన్న 50లో 10 మంది తగినవాళ్లున్నారు. అంటే తగిన 50 మందిలో 10 మందికి అన్యాయం జరిగింది, ఐదుగురిలో ఒకరికి. రెండో గుంపులో 20 మందికే 'సరే', వాళ్లలో 16 మంది తగినవాళ్లు. 'వద్దు' అన్న 80లో ఇంకో 16 మంది తగినవాళ్లు. అంటే తగిన 32 మందిలో సగం మంది గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ప్రోగ్రామ్ ఎవరిపట్లా వేరుగా ప్రవర్తించలేదు. అయినా ఒక గుంపులో అర్హులు ఐదింట ఒకరు నష్టపోతే, ఇంకో గుంపులో ఇద్దరిలో ఒకరు నష్టపోయారు.

ఇది ప్రోగ్రామ్ బాగా రాయకపోవడం వల్ల వచ్చింది కాదు. రెండు గుంపుల్లో అర్హుల శాతం వేరుగా ఉండి, అంచనా నూటికి నూరుపాళ్లు సరిగ్గా లేనప్పుడు, స్కోర్ అర్థం అందరికీ ఒకటిగా ఉండటం, పొరపాట్ల రేట్లు అందరికీ సమానంగా ఉండటం, ఈ రెండూ ఒకేసారి కుదరవని 2016 ప్రాంతంలో పరిశోధకులు గణితంతో రుజువు చేశారు. ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. ఆ ఎంపికను మెషీన్ చేయదు, మనిషే చేస్తాడు. ఎవరూ చేయలేదనుకున్నచోట కూడా ఎవరో ఒకరు చేసే ఉంటారు, బహుశా అది ఎంపిక అని తెలియకుండానే. 1979లో అమర్త్య సేన్ స్టాన్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో సమానత్వం గురించి మాట్లాడేవాళ్లు ముందు 'దేనిలో సమానత్వం?' అని అడగాలన్నారు. మీరు కొలతలో సమానత్వం అడిగారు. ఆ 11 మంది కళ్లతో చూస్తే, పొరపాటుకు బలయ్యే అవకాశంలో సమానత్వం కావాలి.

ఇంకొకటి కూడా అడగాలి, అసలు రెండో గుంపులో తగినవాళ్లు 32 మందే అని ఎవరు తేల్చారు? మీ ప్రోగ్రామ్ నేర్చుకున్న డేటాలో 'తగినవాడు' అంటే ఏమిటి? పాతరోజుల్లో మేనేజర్లు మంచి రేటింగ్ ఇచ్చినవాడా? మధ్యలో ఆగకుండా ఎక్కువకాలం ఉన్నవాడా? రెండోదే అయితే గ్యాప్ ఉన్నవాళ్లు పరీక్షకు ముందే ఫెయిలయ్యారు. 2019లో అమెరికాలో ఇలాంటిదే బయటపడింది. ఎవరికి అదనపు వైద్యసహాయం కావాలో చెప్పే ఒక ప్రోగ్రామ్, జబ్బుకు బదులుగా వైద్యానికైన ఖర్చును కొలిచింది. నల్లజాతి రోగుల మీద ఖర్చు తక్కువ జరిగేది కాబట్టి, అదే స్కోర్ వచ్చిన తెల్లవాళ్లకంటే వాళ్ల జబ్బు ముదిరి ఉండేది. జాతి అన్న గడి ఆ లెక్కలో లేనే లేదు.

ఎలిజబెత్ ఆండర్సన్ అనే తత్త్వవేత్త 1999లో రాసిన ఒక వ్యాసం నా ఆలోచనను చాలా మార్చింది. సమానత్వమంటే వాటాలు సరిగ్గా పంచడం ఒక్కటే కాదు, మనుషులు ఒకరి ముందొకరు ఎలా నిలబడతారన్నదే ముఖ్యమని ఆమె వాదన. మీ విషయానికి పెట్టి చూస్తే, తోసివేతకు గురైన మనిషి 'ఎందుకు?' అని అడగగలగాలి, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. మీ ప్రోగ్రామ్ దగ్గర నాకు అన్నింటికంటే ఎక్కువ బాధ కలిగించింది ఆ పదకొండు కాదు, మీ ఉత్తరం మొదట్లోనే రాసిన 'మనిషి కంటపడకుండానే' అన్న మాట.

చివరి ప్రశ్న, ఖచ్చితంగా తెలియనప్పుడు నోరు మూసుకోవాలా? డబ్ల్యు.కె. క్లిఫర్డ్ అనే ఆంగ్లేయుడు 1877లో ఒక ఓడ యజమాని ఉదంతం చెప్పాడు. ఓడ పాతబడింది, బాగుచేయించాలేమోనన్న అనుమానం యజమానికి ఉంది. ఇన్ని ప్రయాణాలు చేసింది, ఇప్పుడు మాత్రం ఏమవుతుందిలే అని అనుమానాన్ని నొక్కేసుకుని, మనస్ఫూర్తిగా నమ్మి ఓడను పంపాడు. ఓడ మునిగింది, అతనికి బీమా డబ్బు వచ్చింది. ఓడ క్షేమంగా చేరి ఉన్నా అతను దోషే అంటాడు క్లిఫర్డ్, ఎందుకంటే తన ముందున్న ఆధారాలను బట్టి అలా నమ్మే హక్కు అతనికి లేదు. ఆ కథలో నా దృష్టి ఆగేది బీమా దగ్గర. అనుమానం యజమానిది, ప్రాణాలు ప్రయాణికులవి. నాకు ఖచ్చితంగా తెలియని ప్రతిచోటా నేను వేసుకునే ప్రశ్న ఇదే. నేను పొరబడితే దెబ్బ ఎవరికి తగులుతుంది? నాకే తగిలేటట్టయితే సాహసం చేయొచ్చు. ఈ గదిలో లేని మనిషికి తగిలేటట్టయితే నూటికి 80 దాకా ఆగక్కర్లేదు, 40 దగ్గరే నోరు తెరవాలి.

మీ ఊహ తప్పయితే ఏమవుతుంది? మీ టీమ్‌కు కొన్ని రోజుల పని వృథా అవుతుంది. మీరు మౌనంగా ఉండి, మీ ఊహ నిజమైతే? ఎవరో ఒకావిడ ఇంకో ఏడాది ఇంటి దగ్గరే ఉంటుంది, ఆ ఏడాదీ ఆవిడ గ్యాప్‌లో కలుస్తుంది, వచ్చే స్కోర్ ఇంకా తగ్గుతుంది.

ఆలస్యం చేయకండి అనడానికి ఇంకో కారణముంది. టెక్నాలజీని అదుపుచేయడం గురించి రాసిన డేవిడ్ కాలింగ్రిడ్జ్ అనే పరిశోధకుడు 1980లో చెప్పిన చిక్కు ఇది. ఏ టెక్నాలజీ అయినా కొత్తగా ఉన్నప్పుడు మార్చడం తేలిక, కానీ దాని చెడు అప్పటికి కనిపించదు. కనిపించేసరికి అది అన్నిచోట్లా అల్లుకుపోయి, మార్చడం కష్టమవుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మనం అంటాం గానీ, మొక్కగా ఉన్నప్పుడు ఎటు వంచాలో తెలియకపోవడమే ఇక్కడి బాధ. మీకు ఇప్పుడు ఎటు వంచాలో కొంచెం తెలిసింది, మాను ఇంకా ముదరలేదు.

లీడ్ దగ్గరికి మళ్లీ వెళ్లండి. న్యాయశాస్త్రం చర్చలో మూడు రకాలు చెప్పింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ లేకుండా ఎదుటివాడిని పడగొట్టేది వితండ. ఇందులో వితండవాదం అన్న మాటే మనకు రోజూ నోట్లో నానుతుంది, మొదటిదాన్ని మరిచిపోయాం. 'ఇది తప్పు' అంటూ మొదలుపెడితే ఆయన గెలవడానికి దిగుతారు. 'నేను నాలుగేళ్లు దీన్ని సమర్థించాను సార్. ఇప్పుడు నాకు అనుమానం వచ్చింది. నేను పొరబడ్డానో లేదో ఒక్కరోజులో తేలిపోతుంది, గ్యాప్ పూడ్చి మళ్లీ స్కోర్ వేసి చూద్దాం. ఎంత తేడా వస్తే మీరు ఒప్పుకుంటారో ముందే చెప్పండి, ఎంత రాకపోతే నేను వదిలేస్తానో నేనూ చెబుతాను' అనండి. రెండు అంకెలూ ఫలితం రాకముందే ఒక మెయిల్లో రాసి పెట్టుకోండి. ఫలితం చూశాక గీత జరపాలని ఇద్దరికీ అనిపిస్తుంది, మీకు కూడా.

ఆయన అప్పటికీ కాదంటే, ప్రోగ్రామ్ మార్చమని అడగకుండా చిన్న కోరిక ఒకటి కోరండి. గ్యాప్ ఉండి, మిగతావి సరిపోయిన దరఖాస్తులు తిరస్కరించే ముందు ఒక మనిషి చదవాలి. ఎవరు తప్పో తేలకపోయినా ఇది చేయొచ్చు, అక్కర్లేదనుకుంటే రేపు తీసేయొచ్చు.

పోతే, మీరు చదివిన ఆ 11 దరఖాస్తులూ, మీ పక్క సీటు అమ్మాయికి కనిపించినవీ ఉన్నాయి కదా. రెండు నెలలే అయింది కాబట్టి ఆ ఉద్యోగాల్లో కొన్నయినా ఇంకా ఖాళీగా ఉండొచ్చు. ఈ వాదం తేలేదాకా ఆగకుండా ముందు వాటిని ఎవరిచేతనైనా తెరిపించి చదివించండి. ఏం జరిగిందో నాకు రాయండి.